పాత వీడియో గేమ్ కన్సోళ్లు – సోల్డరింగ్ పద్ధతులు

నింటెండో ఫ్యామికామ్ 1983లో వచ్చింది. సెగా మెగా డ్రైవ్ 1988లో, గేమ్ బాయ్ 1989లో, సూపర్ ఫ్యామికామ్ 1990లో, సోనీ ప్లేస్టేషన్ 1994లో, నింటెండో 64 1996లో, డ్రీమ్‌కాస్ట్ 1998లో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 2001లో వచ్చాయి. ఈ యంత్రాలను ఇప్పటికీ పని చేయించాలన్నా, కొత్త టీవీలకు తగిలించాలన్నా, తయారీదారులు ఇవ్వని సదుపాయాలను వాటికి జోడించాలన్నా చివరికి చేతిలోకి రావాల్సింది సోల్డరింగ్ ఐరనే. కొందరు చచ్చిన కెపాసిటర్లు మార్చి ఊరుకుంటారు. కొందరు హెచ్‌డీఎంఐ బోర్డు ఎక్కిస్తారు, చీకట్లో కనిపించని తెర తీసేసి వెలుగున్న తెర పెడతారు. ఈ రెండో రకం పనులనే ‘మాడింగ్’ అంటారు. మరమ్మతుకూ మాడింగ్‌కూ మధ్య గీత సన్ననిది. కెపాసిటర్ పోయిన యంత్రానికి మాడింగ్ చేసి లాభం లేదు కాబట్టి చాలాసార్లు రెండూ ఒకే రోజున జరుగుతాయి.

ఈ బోర్డులను ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. వాటి మీది ముఖ్యమైన చిప్‌లు చాలావరకు ఆయా కంపెనీలు తమ కోసమే చేయించుకున్నవి, దుకాణంలో దొరకవు. ఒక చిప్ కాలినా, ఒక రాగి గీత లేచిపోయినా ఆ నష్టం పూడ్చడానికి అలాంటిదే ఇంకో కన్సోల్‌ను బలి ఇవ్వాల్సి వస్తుంది. కొత్త బోర్డు మీద పార్టులు ఎక్కించడం నెల రోజుల సాధనతో ఎవరికైనా వస్తుంది. ముప్ఫై నలభై ఏళ్ల బోర్డు నుంచి ఒక పార్టును ఏ హానీ లేకుండా దించడం మాత్రం వేరే విద్య. ఈ రంగంలో పనితనం తేలేది అక్కడే.

లోహం, వేడి, ఫ్లక్స్

2006 జూలై 1న యూరోపియన్ యూనియన్‌లో సీసం వాడకాన్ని కట్టడి చేసే రోస్ నిబంధన అమల్లోకి వచ్చింది. అప్పటివరకు ఎలక్ట్రానిక్స్‌లో వాడినది ఎక్కువగా తగరం–సీసం సోల్డరే. పైన చెప్పిన కన్సోళ్లన్నీ ఆ కాలానివే. 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన మిశ్రమం సరిగ్గా 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, చల్లారేటప్పుడు అదే ఉష్ణోగ్రత దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60–40 మిశ్రమం అలా కాదు. 190 నుంచి 183 దాకా దిగేలోపు కాసేపు మెత్తటి ముద్దలా ఉంటుంది. ఆ కాసేపట్లో వైరు కదిలిందా, పైకి అతుకు ఉన్నట్టే కనిపించి లోపల సరిగా పట్టదు. రేడియో, టీవీ మెకానిక్‌లు దీన్నే ‘డ్రై సోల్డర్’ అంటారు. సీసం లేని సోల్డర్లలో బాగా వాడుకలో ఉన్న సాక్–305లో తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం ఉంటాయి. అది 217–220 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాత బోర్డు మీద ఆ ముప్ఫై నాలుగు డిగ్రీల తేడా చిన్నది కాదు. అందుకే ఇంట్లో చేసే మరమ్మతుల్లో చాలామంది ఇప్పటికీ 63–37 వైరునే ఇష్టపడతారు.

సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంటే ఐరన్‌ను 320 నుంచి 350 డిగ్రీల దాకా ఎందుకు పెట్టాలి అన్న సందేహం కొత్తవాళ్లకు వస్తుంది. ఐరన్ మొన, అంటే బిట్, బోర్డును తాకగానే దాని వేడిని రాగి లాగేసుకుంటుంది. రెండు మూడు సెకన్లలో అతుకు పూర్తి కావాలంటే ఆ అదనపు వేడి నిల్వ ఉండాలి. తక్కువ వేడితో పది సెకన్లు నొక్కిపెట్టడం కన్నా సరైన వేడితో రెండు సెకన్లలో ముగించడమే బోర్డుకు క్షేమం. గ్రౌండ్‌కు కలిసే కాళ్ల దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. అక్కడ రాగి విశాలంగా పరిచి ఉంటుంది కాబట్టి సోల్డర్ ఎంతకీ కరగదు. చాలామంది అప్పుడు ఐరన్‌ను 450కి పెంచేస్తారు, బోర్డు మాడేది అలాగే. పెంచాల్సింది బిట్ సైజు. సూది మొన బిట్ చూడటానికి నాజూకుగా ఉన్నా వేడిని సరిగా అందించలేదు. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న ఉలి ఆకారపు బిట్ ఎక్కువ పనులకు సరిపోతుంది.

సోల్డర్ జిగురులా పైపైన అంటుకునేది కాదు. కరిగిన తగరం రాగితో కలిసి రెండిటి సరిహద్దులో ఒక పలుచని మిశ్రలోహపు పొరను ఏర్పరుస్తుంది, అతుకుకు బలం ఆ పొరే. రాగి మీద ఆక్సైడ్ ఉంటే అది ఏర్పడదు, సోల్డర్ గుండుగా దొర్లిపోతుంది. ఆ ఆక్సైడ్‌ను కరిగించి తీసేదే ఫ్లక్స్. పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్ దీనికి తరతరాలుగా వాడుతున్న పదార్థం. సోల్డర్ వైరు నడుమ కొంత ఫ్లక్స్ ఉంటుంది కానీ పాత బోర్డుకు అది చాలదు, విడిగా పూయాలి. నీటి గొట్టాలు అతకడానికి వాడే యాసిడ్ ఫ్లక్స్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఈరోజు చక్కగా పట్టిన అతుకును అది నెమ్మదిగా తినేస్తుంది. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్ బ్రష్‌తో మిగిలిన ఫ్లక్స్‌ను తుడిచేయాలి.

ఊడదీసే పని

సాధారణంగా బోర్డు మీది రాగి పొర మందం 35 మైక్రాన్లు మాత్రమే. దాన్ని పీచుపలకకు పట్టి ఉంచేది ఒక రెజిన్. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు తగిలినా రెజిన్ పట్టు వదిలేస్తుంది, పార్టు కాలు అతికే రాగి చోటు, అంటే ప్యాడ్, లేచి వస్తుంది. వేడిగా ఉన్నప్పుడు కాస్త లాగినా చాలు.

ఫ్యామికామ్‌కూ, దాని అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్‌కూ శుభ్రమైన బొమ్మ తెప్పించే పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వీటిలో బొమ్మ గీసే పీపీయూ చిప్ రంగుల సంకేతాన్ని లోపలే కాంపోజిట్‌గా కలిపేసి బయటికి పంపుతుంది, విడి ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) సంకేతాలు దొరకవు. అందుకే ఎన్‌ఈఎస్–ఆర్‌జీబీ అనే కిట్ వాడాలంటే పీపీయూను బోర్డు నుంచి పూర్తిగా తీసి, కిట్ మీద కూర్చోబెట్టి, మొత్తాన్ని మళ్లీ పాత చోట ఎక్కించాలి. హై–డెఫ్ ఎన్‌ఈఎస్ అనే హెచ్‌డీఎంఐ కిట్‌కైతే పీపీయూతో పాటు సీపీయూ కూడా దిగాలి. రెండూ నలభై కాళ్ల చిప్‌లే.

చేయి తిరిగినవాళ్లు ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు: తీయాల్సిన సోల్డర్ మీదే ముందు కొత్త సోల్డర్ పోస్తారు. పాత సోల్డర్ పైపొర ఆక్సైడ్ పట్టి బిరుసెక్కి ఉంటుంది, వేడిని సరిగా తీసుకోదు. కొత్త సోల్డర్, దాంతో వచ్చిన ఫ్లక్స్ కలిస్తే మొత్తం ఒక్కసారిగా పారుతుంది. ఇలా నలభై కాళ్లకూ చేశాక ఒక్కో కాలి దగ్గరా సోల్డర్‌ను పంపుతో లాగేయాలి. స్ప్రింగ్ పంపుతో అయినా పని అవుతుంది కానీ ఇన్ని కాళ్లకు హక్కో ఎఫ్‌ఆర్–301 లాంటి మోటారు తుపాకీ చేసే మేలు వేరు. బోలు మొనను కాలి చుట్టూ పెట్టి, సోల్డర్ కరిగిందని తెలిశాక మొనను గుండ్రంగా తిప్పుతూ ట్రిగ్గర్ నొక్కాలి. అలా తిప్పినప్పుడు రంధ్రం గోడకు అంటుకున్న కాలు కదిలి విడిపోతుంది, దాని వెంట గాలి లోపలికి వెళ్లి మిగిలిన సోల్డర్‌ను ఊడ్చుకొస్తుంది. తర్వాత పట్టకారుతో ఒక్కో కాలినీ మెల్లగా అటూ ఇటూ కదిలించి చూడాలి. చిన్న టిక్‌మన్న చప్పుడుతో కదిలితే అది వదిలినట్టు. కదలకపోతే మళ్లీ సోల్డర్ పోసి మళ్లీ లాగాలి. నలభైలో ముప్ఫై తొమ్మిది వదిలి ఒక్కటి పట్టుకుని ఉన్నప్పుడు చిప్ కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడి కాలి వెంటే వచ్చేస్తుంది. బోర్డు పైపొరనూ కిందిపొరనూ కలిపేది ఆ గొట్టమే. అది పోతే ఏ గీత ఎక్కడికి వెళ్తుందో మల్టీమీటర్‌తో వెతికి, ఆకుపచ్చ పూతను బ్లేడుతో గీకి, జంపర్ వైరు వేయాల్సిందే.

చిప్ దిగాక ఆ చోట సాకెట్ పెట్టడం మంచి అలవాటు. ఇంకోసారి తీయాల్సి వస్తే ఐరన్ అక్కర్లేదు.

నలువైపులా కాళ్లున్న చదును చిప్‌లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి హాట్ ఎయిర్ వాడతారు, లేదంటే బిస్మత్ కలిసిన మిశ్రలోహాన్ని కాళ్ల మీద పోస్తారు. అది పాత సోల్డర్‌తో కలిస్తే ఆ మిశ్రమం కరిగే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. మొత్తం చాలాసేపు ద్రవంగానే ఉంటుంది కాబట్టి తొందరపడకుండా చిప్‌ను పక్కకు జరపవచ్చు. తర్వాత విక్‌తో, అంటే సోల్డర్‌ను పీల్చుకునే రాగి అల్లికతో, ఆ లోహాన్ని పూర్తిగా తుడవడం తప్పనిసరి. బిస్మత్ మిగిలితే కొత్త అతుకు పెళుసుగా తయారవుతుంది.

కారే కెపాసిటర్లు

సెగా గేమ్ గేర్ 1990లో వచ్చింది. ఇప్పుడు పెట్టెలోంచి తీసిన ఏ గేమ్ గేర్‌కైనా దాదాపు ఒకటే జబ్బు: శబ్దం సన్నగా వస్తుంది, బొమ్మ వెలిసిపోయి పక్క నుంచి చూస్తే తప్ప కనిపించదు. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన, బోర్డు ఉపరితలం మీదే అతికించే కెపాసిటర్లలో కొన్నిటికి వాడిన ఎలక్ట్రోలైట్ రబ్బరు మూతను తినేసి బయటికి కారేది. ఆ తరం గేమ్ గేర్, ఎన్ఈసీ పీసీ ఇంజిన్ డ్యువో, కమొడోర్ అమిగా 600, 1200 కంప్యూటర్లకు తగిలిన దెబ్బ ఇదే. ఇలాంటి బోర్డు మీద ఐరన్ పెట్టగానే చేపల వాసన వస్తుంది, కళ్లతో చూడకముందే జబ్బు అక్కడ తెలిసిపోతుంది.

కారిన ద్రవం ప్యాడ్ కింద రాగిని కొరికి ఉంటుంది కాబట్టి అక్కడ పట్టు ముందే బలహీనంగా ఉంటుంది. కెపాసిటర్‌ను పట్టకారుతో పట్టి తిప్పి తుంచడం ఒక పద్ధతి. చప్పున అయిపోతుంది, బాగున్న బోర్డు మీద చాలాసార్లు హాని కూడా ఉండదు. కారిన బోర్డు మీద మాత్రం అది జూదమే, ప్యాడ్‌తో సహా రావచ్చు. రెండు ఐరన్‌లతో రెండు కాళ్లనూ ఒకేసారి కరిగించి ఎత్తడం నిదానమైన దారి, ఆ నిదానమే ఇక్కడ మేలు. హాట్ ఎయిర్ వేస్తే లోపల మిగిలిన ద్రవం ఉడికి కెపాసిటర్ పేలే ప్రమాదం ఉంది. తీశాక ప్యాడ్‌లను తెల్ల వెనిగర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, విక్‌తో పాత సోల్డర్‌ను లాగి, కొత్త సోల్డర్ పలుచగా పట్టించి అప్పుడు కొత్తది పెట్టాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. అల్యూమినియం డబ్బా కెపాసిటర్ మీది నల్ల పట్టీ రుణ కొసను చూపిస్తుంది. టాంటలమ్ కెపాసిటర్ మీది పట్టీ ధన కొసను చూపిస్తుంది. పాత అల్యూమినియం వాటి చోట టాంటలమ్‌లు వేసేవాళ్లు అలవాటు కొద్దీ పట్టీని చూసి తలకిందులుగా పెట్టేస్తే స్విచ్ వేయగానే అవి మంటతో పగులుతాయి.

మొదటి తరం ఎక్స్‌బాక్స్‌లో 1.0 నుంచి 1.5 దాకా ఉన్న రకాల్లో గడియారం కోసం పెట్టిన పెద్ద కెపాసిటర్ కారి పక్కనున్న గీతలను తినేస్తుంది. దాన్ని తీసి పారేస్తే చాలు, కొత్తది పెట్టనక్కర్లేదు. ప్లగ్ పీకినప్పుడల్లా టైము మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావడం తప్ప యంత్రానికి ఏ లోటూ ఉండదు. ఈ రకాల ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు ఆట ఆడినా ఆడకపోయినా ముందు చేయించాల్సిన పని ఇదే.

సోల్డర్ లేకుండా ఐరన్ మాత్రమే వాడే మరమ్మతు ఒకటి గేమ్ బాయ్‌కు ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని తెర మీద నిలువు గీతలు మాయమవుతుంటాయి. తెర అద్దానికి అతికించిన రిబ్బన్ పట్టు వదలడమే కారణం. తక్కువ వేడి పెట్టిన బిట్‌తో ఆ అంటు మీదుగా నెమ్మదిగా, తేలిగ్గా రాస్తే అది మళ్లీ మెత్తబడి అంటుకుంటుంది. పోయిన గీతలు ఒక్కొక్కటిగా కళ్ల ముందే తిరిగి వస్తాయి.

క్యాసెట్‌లో బ్యాటరీ

తొలి పని నేర్చుకోవడానికి ఆట క్యాసెట్‌లో బ్యాటరీ మార్చడం కన్నా మంచి చోటు లేదు. ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవడానికి చాలా క్యాసెట్లలో చిన్న మెమరీ చిప్, దానికి కరెంటు ఇవ్వడానికి 3 వోల్టుల నాణెం బ్యాటరీ ఉంటాయి. అది పదిహేను ఇరవై ఏళ్లో, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువో వస్తుంది. 1999లో జపాన్‌లో విడుదలైన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో నిజమైన గడియారం కూడా ఆ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి అవి అంతకు ముందు వచ్చిన రెడ్, బ్లూ కన్నా త్వరగా ఖాళీ అవుతాయి.

నాణెం బ్యాటరీ మీద నేరుగా సోల్డర్ చేయకూడదు. లిథియం సెల్‌కు అంత వేడి తగిలితే అది ఉబ్బి పగలవచ్చు. కాళ్లు ముందే వెల్డింగ్ చేసిన బ్యాటరీలు అమ్ముతారు, వాటినే వాడాలి. పాతది తీసిన క్షణంలోనే మెమరీలో దాచిన ఆట పోతుంది. పోకూడదనుకుంటే ముందుగా కార్ట్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పని ముగిశాక తిరిగి ఎక్కించాలి.

డ్రీమ్‌కాస్ట్‌లో చేసే పొరపాటు ఇంకో రకం. దాని లోపలి గడియారం బ్యాటరీ చార్జ్ అయ్యే రకం, ఎంఎల్–2032. చూడటానికి సీఆర్–2032 లాగే ఉంటుంది. చార్జ్ కాకూడని సీఆర్ రకాన్ని అక్కడ పెడితే బోర్డు దానిలోకి కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. సీఆర్ రకమే పెట్టాలనుకుంటే ఆ దారికి అడ్డంగా ఒక డయోడ్ వేయాలి.

బొమ్మ, శబ్దం, వేగం

50, 60 హెర్ట్జ్ స్విచ్ ఈ రంగంలో పాత మాడ్‌లలో ఒకటి. పాల్ టీవీ వ్యవస్థ ఉన్న దేశాల్లో అమ్మిన మెగా డ్రైవ్, సూపర్ నింటెండో సెకనుకు యాభై చట్రాలు చూపేవి. జపాన్, అమెరికా యంత్రాలు అరవై చూపేవి. చాలా ఆటలను అరవైకి రాసి యాభైకి సరిచేయకుండా అమ్మేయడంతో అవి ఆరో వంతు నెమ్మదిగా నడిచేవి, తెరకు పైనా కిందా నల్ల పట్టీలు కనిపించేవి. మెగా డ్రైవ్ బోర్డు మీద ఈ ఎంపిక కోసం జంపర్ స్థానాలు కర్మాగారంలోనే వేసి ఉంటాయి. వాటిని విడదీసి ఒక చిన్న స్విచ్‌కు మూడు వైర్లు లాగితే ఆట రచయితలు అనుకున్న వేగం తిరిగి వస్తుంది.

ఎన్‌ఈఎస్‌లో ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఆట మొదలుకాకపోవడం ప్రపంచమంతా ఎరిగిన జబ్బు. క్యాసెట్‌లోని తాళం చిప్‌తో మాట కలవనప్పుడు లోపలి తాళం చిప్ యంత్రాన్ని మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తుంది. దాని నాలుగో కాలిని విడదీస్తే ఆ బెడద పోతుంది. చాలామంది కటర్‌తో కత్తిరించేస్తారు. సోల్డర్ లాగి కాలిని పైకి వంచితే కూడా అదే ఫలితం వస్తుంది, కావాలంటే రేపు మళ్లీ దించవచ్చు కూడా. రెండు దారులు ఉన్నప్పుడు వెనక్కి తిరిగి రాగలిగే దారినే ఎంచుకోవాలి. ముప్ఫై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచిన యంత్రానికి చేసే మర్యాద అది.

నింటెండో 64 తొలి యంత్రాల వీడియో చిప్ ఆర్‌జీబీ సంకేతాన్ని ఇస్తుంది కానీ దాన్ని వెనుక సాకెట్ దాకా తేలేదు. మూడు ఛానళ్ల చిన్న యాంప్లిఫయర్ బోర్డు పెట్టి వైర్లు కలిపితే సరిపోతుంది. హెచ్‌డీఎంఐ కిట్లు దీనికన్నా లోతుకు వెళ్తాయి. అవి సంకేతాన్ని డిజిటల్‌గా ఉన్నప్పుడే పట్టుకుంటాయి కాబట్టి రిబ్బన్ లాంటి ఫ్లెక్స్ బోర్డును చిప్ కాళ్ల మీదే పరచి అతకాలి. ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్ కిట్లదీ ఇదే తీరు.

ఇక్కడ వాడేది డ్రాగ్ సోల్డరింగ్. మైక్రోస్కోప్ గానీ మంచి భూతద్దం గానీ లేకుండా మొదలుపెట్టకూడదు. ఫ్లెక్స్ మీది గీతలు, చిప్ కాళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయని చూసుకుని రెండు మూలల్లో ఒక్కో చుక్క వేసి కట్టేయాలి. జిగురు ఫ్లక్స్ ధారాళంగా పూసి, మొన దగ్గర చిన్న గుంట ఉన్న బిట్‌లో కాస్త సోల్డర్ నింపి, కాళ్ల వరుస వెంబడి ఒకే వేగంతో లాగాలి. ఫ్లక్స్ ఉన్నంతసేపు తలతన్యత సోల్డర్‌ను ఏ కాలి దగ్గరికి ఆ కాలికే పంచుతుంది. ఫ్లక్స్ ఆవిరైపోయిన క్షణం నుంచి పక్కపక్క కాళ్లు కలిసి షార్ట్ అవుతాయి. షార్ట్ అయితే చేయాల్సింది మళ్లీ ఫ్లక్స్ పూసి శుభ్రమైన బిట్‌తో ఒక్కసారి లాగడం. అదనపు సోల్డర్ బిట్‌కు అంటుకుని వచ్చేస్తుంది.

విడి వైర్ల విషయంలో 30 గేజ్ సింగిల్ తీగ, లేదా ఎనామిల్ పూత ఉన్న సన్న రాగి తీగ వాడతారు. అతుకు చక్కగా పడినా దాన్ని అలాగే వదిలేస్తే చాలదు. వైరు ఒక్కసారి గట్టిగా కదిలితే ప్యాడ్‌నే పెకలించుకుపోతుంది. అతుకుకు కాస్త దూరంలో క్యాప్టన్ టేపు గానీ, అతినీలలోహిత కాంతికి గట్టిపడే పూత గానీ వేసి వైరును బోర్డుకు కట్టేయాలి.

గేమ్ బాయ్‌కు చేసే ఒక సులువైన మాడ్ ఆటగాళ్ల కన్నా సంగీతకారులకే ఎక్కువ ఉపయోగపడింది. 1998లో వచ్చిన నానోలూప్, ఆ తర్వాత వచ్చిన లిటిల్ సౌండ్ డీజే అనే క్యాసెట్లతో గేమ్ బాయ్‌ను వాద్యంగా వాడటం మొదలైంది. హెడ్‌ఫోన్ దారిలో ఉన్న యాంప్లిఫయర్ గరగర చేర్చేది. దాని కన్నా ముందే, వాల్యూమ్ చక్రం దగ్గర మూడు వైర్లు తీసి కొత్త జాక్‌కు కలిపితే శబ్దం శుభ్రంగా, నిండుగా వస్తుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ సంగతి వేరు. 2001లో తెరకు వెలుగే లేకుండా వచ్చిన ఆ యంత్రానికి 2002లో ట్రైటాన్ ల్యాబ్స్ ‘ఆఫ్టర్‌బర్నర్’ అనే ముందు దీపపు కిట్ అమ్మింది. ఇప్పటి ఐపీఎస్ తెరలకు అది తాత.

మోడ్‌చిప్‌లు, చట్టం

ప్లేస్టేషన్ అసలు డిస్కుల లోపలి గాడి అతి సన్నగా ఊగుతూ ఉంటుంది. ఆ ఊపులో ప్రాంతాన్ని చెప్పే నాలుగు అక్షరాలు దాగి ఉంటాయి. మామూలు సీడీ రైటర్ ఆ ఊపును రాయలేదు కాబట్టి కాపీ డిస్కు నడవదు. మోడ్‌చిప్ అంటే కొన్ని వైర్లతో అతికించే చవక మైక్రోకంట్రోలర్, ఆ నాలుగు అక్షరాలను డ్రైవ్‌కు బదులు అదే వినిపిస్తుంది. కొన్ని ఆటలు చిప్ ఉనికిని పసిగట్టడం మొదలుపెట్టాక ఒకసారి పలికి నోరు మూసుకునే ‘స్టెల్త్’ చిప్‌లు వచ్చాయి.

ఎక్స్‌బాక్స్ తాళాన్ని అర్థం చేసుకున్న తీరులోనూ సోల్డరింగ్ పాత్ర ఉంది. అప్పట్లో ఎంఐటీ విద్యార్థి అయిన ఆండ్రూ హువాంగ్, 2002లో ఆ యంత్రంలో రెండు చిప్‌ల మధ్య నడిచే అతివేగ మార్గానికి సొంతంగా చేసిన బోర్డును అతికించి, అక్కడ పారుతున్న రహస్య కీని చదివాడు. 2003లో ‘హ్యాకింగ్ ది ఎక్స్‌బాక్స్’ అనే పుస్తకం వెలువరించాడు.

ఆస్ట్రేలియా హైకోర్టు 2005లో సోనీ వేసిన కేసులో, అప్పటి చట్టం ప్రకారం ప్లేస్టేషన్ తాళం రక్షణ పొందదగిన సాంకేతిక ఏర్పాటు కిందికి రాదని తేల్చింది. తర్వాత అక్కడి చట్టమే మారింది. భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని తప్పించేవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా విధిస్తుంది. తెర, బ్యాటరీ, కెపాసిటర్ మార్చడానికీ ఈ సెక్షన్‌కూ సంబంధం లేదు.

ఒక తప్పుడు వైద్యం

2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మూడు ఎర్ర దీపాలతో చచ్చిపోవడం మొదలైనప్పుడు నింద మొత్తం చిప్ కింది సీసం లేని సోల్డర్ గుండ్ల మీద పడింది. యంత్రాన్ని తువ్వాలు చుట్టి వేడెక్కించడం, హీట్ గన్ పెట్టడం, ఓవెన్‌లో ‘రీఫ్లో’ చేయడం లోకమంతా పాకాయి. కొన్ని యంత్రాలు నిజంగానే లేచి, కొన్ని రోజులకో వారాలకో మళ్లీ పడిపోయాయి. వారంటీ ఖర్చుకు మైక్రోసాఫ్ట్ 2007లో వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అసలు పగులు బోర్డుకూ చిప్‌కూ మధ్య కాదని, చిప్ ప్యాకేజీ లోపలి అతుకుల్లో ఉందని ఆ కంపెనీ ఇంజినీర్లు 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో వివరించారు. వేడి చేసినప్పుడు లోపలి పగులు కాసేపు కలిసేది, అంతే. బయటి గుండ్లు కరిగాయా లేదా అన్నది దానికి సంబంధం లేని విషయం. కారణం తెలియకుండా బోర్డును వేడి చేయడం మరమ్మతు అనిపించుకోదనడానికి ఇంత పెద్ద ఉదాహరణ ఈ రంగంలో మరొకటి లేదు.

కరెంటు, పొగ

ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఫ్యామికామ్‌కు కావాల్సింది డీసీ, అదీ నడిమి సూది రుణంగా. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి పెట్టడంతో, 100 వోల్టుల జపాన్ యంత్రాన్ని మన 230 వోల్టులకు నేరుగా తగిలించడంతో కాలిన ఫ్యూజులూ రెగ్యులేటర్లూ కోకొల్లలు. పాత కన్సోళ్లలో చాలావాటిలో ఉండే 7805 రెగ్యులేటర్ 9 వోల్టులు తీసుకుని 5 ఇస్తుంది. ఒక ఆంపియర్ లాగితే మిగిలిన 4 వాట్లు ఉత్త వేడిగా పోతాయి. దాని చోట స్విచింగ్ రకం పెడితే యంత్రం చల్లగా నడుస్తుంది, పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు పెరుగుతుంది.

ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్ లాంటివాటిలో పవర్ సప్లై లోపలే ఉంటుంది. 230 వోల్టుల లైన్ మీద అందులోని పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల పైన డీసీ చేరుతుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలవకుండా అక్కడ చేయి పెట్టకూడదు.

ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు. పైకి లేచే పొగ ఫ్లక్స్‌ది. రోజిన్ పొగ రోజూ పీలిస్తే ఆస్తమా రావచ్చు కాబట్టి ఫ్యాను పెట్టి దాన్ని ముఖానికి దూరంగా లాగించాలి. సీసం ఒంట్లోకి వెళ్లేది వేళ్ల ద్వారా, తిండి ద్వారా. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టకూడదు. పిల్లలున్న ఇంట్లో భోజనాల బల్ల మీద ఈ పని చేయనే కూడదు.

పని పూర్తయ్యాక వెంటనే స్విచ్ వేయకుండా 5 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య కంటిన్యుటీ చూడాలి. మల్టీమీటర్ బీప్ అని ఆగకుండా మోగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే.

తెలుగు నేల మీద

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఐరన్, బిట్లు, విక్, పంపు, 63–37 వైరు, 7805, కెపాసిటర్లు అన్నీ దొరుకుతాయి. దక్షిణ కోస్తా, రాయలసీమ నుంచి చాలామందికి చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర. 25 వాట్ల మామూలు సోల్డ్రాన్ ఐరన్‌తో క్యాసెట్ బ్యాటరీ మార్చవచ్చు. గ్రౌండ్ కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఉష్ణోగ్రత అదుపు ఉన్న స్టేషన్ లేకపోతే ఇబ్బందే.

1990లలో తెలుగు ఇళ్లలో ‘వీడియో గేమ్’ అంటే చాలావరకు ఫ్యామికామ్ నకళ్లే. అరవై కాళ్ల పసుపుపచ్చ క్యాసెట్లు పెట్టుకునే ఆ యంత్రాలను విప్పితే సీపీయూ, పీపీయూ కలిసిపోయిన ఒకే చిప్, దాని మీద గట్టిపడిన నల్ల ముద్ద కనిపిస్తాయి. ముద్ద కింది తీగలు వెంట్రుక కన్నా సన్నం, అక్కడ ఐరన్‌తో చేయగలిగింది లేదు. వీటి బోర్డులు ఎక్కువగా కాగితం–ఫినాలిక్ రకం, రాగి ఇట్టే లేచిపోతుంది. అయినా నేర్చుకునేవాళ్లకు ఇవి చాలా విలువైనవి. ఆర్ఎఫ్ డబ్బాలోకి వెళ్లే వీడియో, ఆడియో వైర్లను ముందే పట్టుకుని, వీడియోకు ఒక ట్రాన్సిస్టర్ బఫర్ చేర్చి నేరుగా ఆర్‌సీఏ సాకెట్లకు కలిపితే టీవీలో ఛానల్ వెతికే పని లేకుండా బొమ్మ తేటగా వస్తుంది. కంట్రోలర్ వైరు లోపల తెగితే కొత్త వైరు అతకడం, పట్టు వదిలిన పవర్ సాకెట్ మార్చడం, క్యాసెట్ స్లాట్ కాళ్ల డ్రై సోల్డర్లను తిరిగి కరిగించడం కూడా ఈ బోర్డుల మీదే నేర్చుకోవచ్చు. పీపీయూ లాంటి నలభై కాళ్ల చిప్ జోలికి వెళ్లేముందు పాడైన సెట్‌టాప్ బాక్స్, డీవీడీ ప్లేయర్ బోర్డుల నుంచి కాళ్లున్న పార్టులన్నీ ఒక్క ప్యాడ్ కూడా లేవకుండా దించగలిగే దాకా సాధన చేయడం మంచిది. స్క్రాప్ దుకాణాల్లో అలాంటి బోర్డులు తూకానికి దొరుకుతాయి.